కాలిపై ఉబ్బిన సిరలు: శస్త్రచికిత్సకు వెఱవవలయునా?

నాట్ల కాలమున ఏ పల్లెకు పోయినను, మోకాలివఱకు చీర ఎగగట్టి బురదలో దిగిన కూలితల్లులలో కొందఱి కాళ్లపై నీలిరంగున మెలికలు తిరిగి ఉబ్బియున్న రక్తనాళములు కనబడును. రోజంతయు పొయ్యి కడ నిలుచు వంటవారికిని, కూడలిలో నిలుచు పోలీసు జవానులకును, బస్సు కండక్టర్లకును, క్షురకులకును, ఉపాధ్యాయులకును ఈ బాధ తఱచుగా కలుగుచుండును. దీనిని మన పల్లెలలో "నరాలు ఉబ్బడం" అందురు. వైద్యులు "వెరికోస్ వీన్స్" అని వ్యవహరింతురు.

ఈ వ్యాధికి చక్కని చికిత్స కలదు. అయినను మనవారిలో పెక్కుమంది పుండు పడువఱకు ఆసుపత్రి గడప తొక్కరు. కారణము విచారింపగా ఒక భయమే ప్రధానముగా కనబడుచున్నది. "నరం కోస్తే కాలు పడిపోతుందంట గదా, డాక్టరుగారూ?" అని అడుగని రోగి అరుదు. ఈ భయము ఎంతవఱకు నిజము, శస్త్రచికిత్సయం దేమి జరుగును, నేడు ఎన్ని మార్గములు కలవు అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

నరము వేఱు, సిర వేఱు

మన వాడుకభాషలో "నరము" అను ఒక్క మాటయే రెండు వస్తువులకు చెల్లుచున్నది. మెదడునుండియు వెన్నుపామునుండియు బయలుదేరి, అవయవములను కదలించి, స్పర్శను తెలుపునది నాడి. అది తెగినచో కాలు పడిపోవు మాట నిజమే. చర్మము క్రింద నీలముగా కనబడుచు చెడురక్తమును గుండెకు తిరిగి చేర్చునది సిర. అది రక్తము ప్రవహించు గొట్టము మాత్రమే. దానికి కాలును కదలించు శక్తి లేదు. సుశ్రుత సంహితయందు సిరలను గూర్చి ప్రత్యేకాధ్యాయములే కలవు. కావున ఈ మాట మనకు క్రొత్తది కాదు. వాడుకలో మఱుగుపడినది, అంతే. వైద్యుడు తీసివేయునది సిరను, నాడిని కాదు. ఈ భేదమును గ్రహించినచో సగము భయము తొలగును.

సిరలు ఏల ఉబ్బును?

గుండెనుండి కాలికి రక్తము దిగుట సులభము. పాదమునుండి గుండెవఱకు ఎక్కుటయే కష్టము. ఈ పనికి ప్రకృతి రెండు సాధనముల నమర్చినది. మొదటిది పిక్క కండరము. మనము అడుగు వేసినప్పుడెల్ల అది బిగిసి, తన నడుమ నున్న లోతు సిరలను పిండి రక్తమును పైకి నెట్టును. రెండవది సిరలలోపల మెట్టు మెట్టుకు అమరియున్న కవాటములు. ఇవి రక్తమును పైకి పోనిచ్చును గాని క్రిందికి జారనీయవు.

బావిలో మోటారు పెట్టిన రైతునకు ఇది వేఱుగా చెప్పనక్కఱలేదు. గొట్టము అడుగున నున్న ఫుట్‌వాల్వు సరిగా పనిచేయుచున్నంతకాలము నీరు గొట్టములో నిలుచును. అది చెడినచో ఎక్కిన నీరంతయు తిరిగి బావిలో పడును. కాలిలోని కవాటములును అట్టివే. అవి వదులై మూతపడనప్పుడు రక్తము వెనుకకు జారి క్రింది సిరలలో నిలిచిపోవును. ఆ బరువునకు సిర గోడలు సాగి, ఉబ్బి, మెలికలు తిరుగును.

కదలక నిలుచుండినప్పుడు చీలమండ కడ సిరలోని ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసమంత ఉండును. ఆరోగ్యవంతుడు నడచినచో అది 30 ప్రాంతమునకు దిగును. కవాటములు చెడినవారికి నడచినను ఆ ఒత్తిడి తగినంతగా తగ్గదు. ఈ వ్యాధివలని బాధల కన్నిటికి మూలము ఇదియే.

తల్లిదండ్రుల కున్నచో బిడ్డలకును వచ్చుట, వయస్సు, గర్భధారణ, స్థూలకాయము, దీర్ఘకాలము నిలుచుండు వృత్తి అనునవి ఈ వ్యాధికి తోడ్పడును. గర్భిణులకు కనబడిన ఉబ్బు ప్రసవానంతరము కొన్ని నెలలలో చాలవఱకు తగ్గుట కలదు. కావున వారికి శస్త్రచికిత్సను సాధారణముగా వాయిదా వేయుదురు.

ఉపేక్షించినచో కలుగు హాని

మొదట సాయంకాలమునకు కాళ్లు బరువెక్కుట, లాగుట, చీలమండ వాచుట, రాత్రులందు పిక్కలు పట్టుట కనబడును. అనేకులకు వ్యాధి ఇంతటితోనే నిలిచిపోవును. కొందఱికి మాత్రము ఏండ్లు గడచినకొలది చీలమండ లోపలిప్రక్క చర్మము నల్లబడి, దురద పుట్టి, గట్టిపడును. పిదప చిన్న దెబ్బ తగిలినను, గోరు గీచుకొన్నను అచ్చట పుండు పడును. దానిపై పసరు పోసినను, పొడి చల్లినను మానదు. పుండునకు కారణము పైన లేదు, లోపలి ఒత్తిడిలో నున్నది. కూలి పనిమీద బ్రదుకు ఇల్లాలికి ఇట్టి పుండు పడినచో నెలల తరబడి పని పోవును. ఏండ్లకేండ్లు మానని పుండు అరుదుగా క్యాన్సరుగా మాఱుటయు కలదు.

మఱియొక ప్రమాదమును ప్రతి ఇంటను తెలిసియుండవలెను. ఉబ్బిన సిర చిట్లినచో రక్తము ధారగా కాఱును. అప్పుడు రోగిని నిలువనీయక, కూర్చుండనీయక, వెంటనే పరుండబెట్టవలెను. కాలిని గుండెకంటె ఎత్తుగా లేపి, శుభ్రమైన గుడ్డతో గాయముపైననే గట్టిగా అదిమి పట్టవలెను. సామాన్యముగా కొద్ది నిమిషములలో రక్తము నిలుచును. గాయమునకు పైభాగమున త్రాడు బిగించుట తగదు. అట్లు చేసినచో పైకి పోవలసిన రక్తము అడ్డుపడి ధార హెచ్చును. రక్తము నిలిచిన పిమ్మట కట్టు కట్టి ఆసుపత్రికి చేర్చవలెను.

చికిత్స పెరిగిన తీరు

ఈ వ్యాధి మానవునకు ప్రాచీనకాలమునుండి తెలియును. రోమను సేనాని మారియస్ తన కాలిపై ఉబ్బిన సిరలను కోయించుకొన్నాడనియు, తన్ను కట్టివేయకుండగనే కదలక ఆ బాధ నోర్చెననియు, వైద్యుడు రెండవ కాలిని పట్టబోగా మాత్రము వలదనెననియు ప్లూటార్కు తన చరిత్రలలో వ్రాసెను. మత్తుమందు లేని కాలమున చికిత్సయే వ్యాధికంటె కఠినముగా నుండెడిది.

1603లో ఫాబ్రీసియస్ అను ఇటలీ దేశపు ఆచార్యుడు సిరలలోని కవాటములను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన శిష్యుడగు విలియం హార్వే 1628లో రక్తము శరీరమందు చక్రాకారముగా తిరుగుచున్నదని నిరూపించెను. 1846లో ఈథరు మత్తు శస్త్రచికిత్సలో బహిరంగముగా ప్రయోగింపబడినది. 1890 ప్రాంతమున జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గు చెడిన సిరను తొడభాగమున కట్టివేయు పద్ధతిని ప్రచారము చేసెను. 1905–1907 నడుమ అమెరికాలో కెల్లరు, మేయో, బాబ్‌కాక్ అను ముగ్గురు ఆ సిరను బయటికి లాగివేయు పద్ధతులను ప్రకటించిరి. నేటి శస్త్రచికిత్స ఈ పునాదులపై పెరిగినదే.

ముందుగా పరీక్ష

సిరలలో రెండు వరుసలు కలవు. కండరముల నడుమ దాగియున్నవి లోతు సిరలు. చర్మము క్రింద నున్నవి పై సిరలు. కాలినుండి పైకి పోవు రక్తములో సుమారు పదింట తొమ్మిది పాళ్లు లోతు సిరలగుండనే పోవును. పై సిరలలో ముఖ్యమైనవి రెండు. ఒకటి చీలమండ లోపలిప్రక్కన బయలుదేరి, మోకాలు, తొడల మీదుగా గజ్జవఱకు పోయి లోతు సిరలో కలియు పెద్ద సిర. రెండవది చీలమండ వెలుపలిప్రక్కనుండి పిక్క వెనుకగా మోకాలి వెనుకకు చేరు చిన్న సిర. ఈ కూడళ్ల కడ కవాటము చెడుటయే తఱచుగా వ్యాధికి మొదలు.

పూర్వము వైద్యులు రోగిని పరుండబెట్టి, కాలు లేపి, సిరలను ఖాళీ చేసి, తొడకు పట్టీ కట్టి నిలువబెట్టెడివారు. పట్టీ విప్పగానే సిర పైనుండి క్రిందికి నిండినచో గజ్జ కడ కవాటము చెడినదని నిశ్చయించెడివారు. నేడు డాప్లర్ స్కానింగు ఆ పనిని మఱింత నిశ్చితముగా చేయుచున్నది. దీనియందు సూది లేదు, కోత లేదు, నొప్పి లేదు. ఏ సిరలో రక్తము వెనుకకు జారుచున్నదో అది తెరపై చూపును. లోతు సిరలు తెరచియున్నవా, లేక గడ్డకట్టిన రక్తముతో మూసికొనిపోయినవా అనునదియు తెలుపును. లోతు దారి మూసికొనియున్నచో పై సిరయే రక్తమునకు మిగిలిన మార్గమై యుండవచ్చును. అట్టివారికి దానిని తీసివేయుట హానికరము. కావున ఈ పరీక్ష లేనిదే సిరపై చేయి వేయరాదు. సిరలు ఉబ్బినవారందఱికి శస్త్రచికిత్స అవసరము కాదను సంగతియు పరీక్షవలననే తేలును.

మొదటి మార్గము: కట్టి, లాగివేయుట

ఇది నూఱేండ్లకు పైబడిన అనుభవము గల పద్ధతి. నడుమునకు సూది వేసి గాని, పూర్తి మత్తు ఇచ్చి గాని చేయుదురు. గజ్జ కడ చిన్న కోత కోసి, పెద్ద సిర లోతు సిరతో కలియు చోట దానిని కట్టి తెంపుదురు. పిదప సన్నని తీగవంటి పరికరమును సిరలోనికి పోనిచ్చి, మోకాలి దిగువవఱకు సిరను లాగివేయుదురు. కట్టి మాత్రమే వదలినవారికంటె లాగివేసినవారిలో మరల శస్త్రచికిత్స అవసరపడుట చాల తక్కువయని దీర్ఘకాల పరిశీలనలవలన తెలియుచున్నది. మోకాలి దిగువన స్పర్శనాడి సిర ననుసరించి పోవుచుండుటచే, చీలమండవఱకు లాగుటను సామాన్యముగా మానుదురు. పిక్కపై నున్న మెలికలను రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లగుండ చిన్న కొక్కెముతో తీయుదురు. ఈ గాట్లకు తఱచుగా కుట్లు కూడ అక్కఱలేదు. రోగి ఆ దినమున గాని మఱునాడు గాని నడచును. పనిలోనికి పోవుటకు రెండు మూడు వారములు పట్టవచ్చును.

రెండవ మార్గము: వేడితో మూయుట

ఈ పద్ధతి 1990 తరువాతి దశాబ్దపు చివఱ వాడుకలోనికి వచ్చినది. మోకాలి ప్రాంతమున సూదిరంధ్రము చేసి, స్కానింగు తెరపై చూచుచు సన్నని గొట్టమును సిరలోనికి పంపుదురు. సిర చుట్టును మత్తుమందు కలిపిన చల్లని ద్రవమును ఎక్కింతురు. అది నొప్పిని మాన్పుటయే గాక చుట్టునున్న కండను వేడినుండి కాపాడును. తరువాత లేజరు కిరణముతో గాని రేడియో తరంగముల వేడితో గాని సిర గోడలను లోపలనుండి కాల్చి మూయుదురు. మూతపడిన సిర క్రమముగా ఎండి శరీరములో కలిసిపోవును. రోగి ఆ దినముననే ఇంటికి నడచి పోవును. కొలది దినములలో పని చేసికొనవచ్చును.

మూడవ మార్గము: నురుగు మందు, జిగురు

సిర గోడలను అతికించు మందును గాలితో కలిపి నురుగుగా చేసి సూదితో ఎక్కించుట ఒక పద్ధతి. ఇది సులభము, ఖర్చు తక్కువ. కాని కొందఱికి మరల మరల చేయవలసివచ్చును. సిర పోయిన చోట కొంతకాలము గోధుమరంగు మచ్చ నిలుచును. వైద్యపు జిగురుతో సిరను అతికించు పద్ధతి ఇటీవలిది. దీనికి సిర చుట్టును మత్తు ద్రవము ఎక్కింపనక్కఱలేదు. ఖర్చు మాత్రము హెచ్చు. కొందఱికి చర్మము ఎఱ్ఱబడి వాచుట కలదు.

వీనిలో ఏది మేలు?

వీనిలో ఏ ఒక్కటియు అందఱికిని తగినది కాదు. 2013లో బ్రిటనులోని జాతీయ ఆరోగ్య సంస్థ వైద్యులకు చేసిన సూచన ప్రకారము తగినవారికి మొదట వేడితో మూయు పద్ధతిని, అది కుదరనిచో నురుగు మందును, అదియు కుదరనిచో కోత శస్త్రచికిత్సను చేయవలెను. ఆ దేశముననే 798 మందిపై జరిగిన ఒక పరిశోధన యొక్క ఐదేండ్ల ఫలితములు 2019లో వెలువడినవి. లేజరు చేయించుకొన్నవారును, కోత శస్త్రచికిత్స చేయించుకొన్నవారును నురుగు మందు పొందినవారికంటె మెఱుగుగా నున్నట్లు అందు తేలినది. దగ్గఱి ఆసుపత్రిలో లేజరు లేదని చింతింపనక్కఱలేదు. చేయి తిరిగిన శస్త్రవైద్యుడు చేసిన పాత పద్ధతియు మంచి ఫలమునే ఇచ్చును.

పుండు పడినవారు మఱొక విషయమును గమనింపవలెను. పుండు మానిన తరువాతనే సిరకు చికిత్స అని కొందఱు వేచియుందురు. 2018లో ప్రకటింపబడిన బ్రిటను పరిశోధనలో 450 మంది పాల్గొనిరి. అందఱికిని బిగుతు కట్లు కట్టిరి. వారిలో సిరకు తొలుతనే చికిత్స పొందినవారిలో సగము మందికి పుండు 56 దినములలోపల మానినది. చికిత్సను వాయిదా వేసినవారిలో సగము మందికి మానుటకు 82 దినములు పట్టినది. కూలికి పోవు కుటుంబమునకు ఆ 26 దినముల విలువ మేము చెప్పనక్కఱలేదు.

సిర పోయినచో రక్తము ఏ దారిని పోవును?

ఇది సమంజసమైన ప్రశ్న. పెద్ద కాలువ చక్కగా పాఱుచుండగా ఒక పిల్ల కాలువకు గండి పడి నీరు వెనుకకు తన్ని చేలు మునుగుచున్నచో రైతు ఏమి చేయును? ఆ పిల్ల కాలువను మూసివేయును. నీరు పెద్ద కాలువలో పోవును, చేను తేఱుకొనును. చెడిన పై సిరను మూయుటయు అట్టిదే. అది రక్తమును పైకి మోయుటలేదు, క్రిందికి జార్చుచున్నది. దానిని తొలగించినచో లోతు సిరల భారము తగ్గును గాని పెరుగదు.

దీనికి మన కన్నులయెదుటనే నిదర్శనము కలదు. గుండెకు బైపాసు ఆపరేషను చేయునప్పుడు వైద్యులు తఱచుగా ఈ పెద్ద పై సిరనే కాలినుండి తీసి గుండెకు అమర్తురు. అట్టివారు తరువాత తమ కాళ్లపై తాము నడచుచునే యున్నారు.

అయినను ఏ శస్త్రచికిత్సయు పూర్తిగా నిరపాయము కాదు. తొడపై కమిలిన మచ్చలు, కొద్ది నొప్పి కొన్ని వారములుండును. స్పర్శనాడికి దెబ్బ తగిలినచో చీలమండ ప్రాంతమున తిమ్మిరి కలుగవచ్చును. ఇది పెక్కుమందికి క్రమముగా తగ్గును, కొందఱికి నిలిచిపోవును. మోకాలి వెనుక కోత కోసి చేయు చికిత్సలో పాదమును కదలించు నాడి దగ్గఱగా నుండును. అరుదుగా దానికి దెబ్బ తగులవచ్చును గనుక అచ్చట అనుభవజ్ఞుని చేయి అవసరము. గాయము చీము పట్టుట, లోతు సిరలో రక్తము గడ్డకట్టుట అరుదుగా కలవు. చికిత్స పిమ్మట పిక్క విపరీతముగా వాచి నొప్పి పుట్టినను, ఊపిరి ఆడకున్నను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. కొన్నేండ్లకు క్రొత్త సిరలు ఉబ్బుటయు కలదు. ఈ సంగతులన్నియు వైద్యుని ముందుగానే అడిగి తెలిసికొనుట రోగి హక్కు.

ఇంటివద్ద చేయదగినవి

దీర్ఘకాలము కదలక నిలుచుండరాదు. నిలువక తప్పనివారు నడుమ నడుమ నాలుగడుగులు వేయుచు, మడమలెత్తి దింపుచు పిక్కకు పని కల్పింపవలెను. విశ్రమించునపుడు కాళ్లను గుండెకంటె ఎత్తున నుంచవలెను. వైద్యుడు చెప్పిన బిగుతు మేజోళ్లను ఉదయము లేచినవెంటనే తొడుగుకొని రాత్రి విప్పవలెను. పాదమున నాడి అందనివారు, ధమనులు మూసికొనిపోయినవారు వీనిని వైద్యుని సలహా లేక తొడుగరాదు. మధుమేహము గలవారు కూడ ముందుగా పాదములను పరీక్షింపించుకొనవలెను. నల్లబడిన చర్మమును గోకరాదు. ఉబ్బిన సిరపై వాతలు పెట్టుట, సూదులతో గ్రుచ్చుట బొత్తిగా మానవలెను. మేజోళ్లు బాధను తగ్గించును గాని చెడిన కవాటమును బాగుచేయజాలవని మఱవరాదు.

ఖర్చునకు వెఱచి ఇంట కూర్చుండుటయు తగదు. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపించుకొని, అచ్చటి వైద్యుని చీటీతో జిల్లా ఆసుపత్రికి గాని బోధనాసుపత్రికి గాని పోయి శస్త్రవైద్యవిభాగమున చూపించుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్య పథకముల క్రింద తమకు ఏ చికిత్స లభించునో, ఏ పత్రములు కావలెనో ఆసుపత్రిలోని సహాయకేంద్రమున ముందుగానే అడిగి తెలిసికొనవచ్చును.

కాలు బరువెక్కినప్పుడే పోయినవారికి సలహాయు మేజోళ్లును చాలవచ్చును. చర్మము నల్లబడినప్పుడు పోయినవారికి ఒక చిన్న చికిత్స చాలవచ్చును. పుండు పడిన తరువాత పోయినవారికి నెలల శ్రమ తప్పదు. అయినను వారికిని ఆలస్యమైపోయినదని అనుకొనవలసిన పని లేదు. ఈ వ్యాసము చదివినవారు తమ ఇంటనో, ఇరుగుపొరుగుననో ఇట్టి కాళ్లు గల తల్లి యున్నచో ఆమెకు ఒక్క మాట చెప్పవలెనని మా కోరిక: "అమ్మా, వాళ్లు తీసేది నరము కాదు, చెడిపోయిన సిర. నీ కాలు పడిపోదు. రేపే ఆసుపత్రికి పోదాం రా."